పదమూడో నెల

మా వదిన దగ్గర ఒక ఆకుపచ్చ పట్టు జాకెట్టు ఉంది. దాన్ని తిరగేసి చంక కింద కుట్లు చూస్తే ఆవిడ రెండేళ్లలో ఎంత తగ్గిందో, మళ్లీ ఎంత పెరిగిందో తెలిసిపోతుంది. అన్నిటికంటే బయటి కుట్టు 88 కిలోలప్పటిది. దానికి అరంగుళం లోపల ఇంకో కుట్టు ఉంది. జాకెట్టు వదులైందని మందు మొదలుపెట్టిన మూడో నెలలో టైలరు దగ్గర వేయించింది. ఆ లోపల మరొకటి పడింది, బరువు 80కి దిగినప్పుడు. ఇప్పుడు ఆ లోపలి రెండు కుట్లూ లేవు. దారం లాగేసిన చోట సూది రంధ్రాలు మాత్రం రెండు వరసల్లో మిగిలాయి.

ఆవిడ వాడింది వారానికోసారి పొట్ట మీద పొడుచుకునే ఇంజెక్షన్. డాక్టరు పరీక్షలు చేయించి, చూసి రాసిందే. ఐదో నెలలో అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాల్సి వచ్చింది. మందుకేమో నెలకు పదిహేడు వేల పైమాటే. "ఎనిమిది కిలోలు తగ్గానుగా, ఇక నేను చూసుకుంటాలే" అనుకుని మానేసింది. ఇంట్లో చెప్పలేదు, డాక్టరుకూ చెప్పలేదు. పది నెలలు తిరిగేసరికి ముల్లు 86 దగ్గర నిలబడింది. ఆ రోజు వంటింట్లో నాతో అంది: "మందు తన పని తను చేసిందే. నేనే చెయ్యలేకపోయాను."

ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ అధ్యాయం రాస్తున్నాను.

ముందు అంకెలు చూద్దాం. బరువు మందుల గురించి పేపర్లో చదివినా, డాక్టరు దగ్గర విన్నా, చెవిన పడే అంకె దాదాపు ఎప్పుడూ క్లినికల్ ట్రయల్‌దే. సెమాగ్లూటైడ్ మీద జరిగిన స్టెప్-1 ట్రయల్ 2021లో వెలువడింది. అందులో 1,961 మంది పాల్గొన్నారు. మందు తీసుకున్నవాళ్లు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లు 2.4 శాతం తగ్గారు. మరుసటి ఏడు టిర్జెపటైడ్ మీద సర్మౌంట్-1 ఫలితాలు వచ్చాయి. పెద్ద డోసు మీద ఉన్నవాళ్లు 72 వారాల్లో 20.9 శాతం తగ్గారు. అంటే 90 కిలోల మనిషి ఒకదాంతో పదమూడు కిలోల పైన, రెండోదాంతో దాదాపు పంతొమ్మిది కిలోలు తగ్గినట్టు. ఆ అంకెలు నిజమే, ఎవరూ పెంచి చెప్పినవి కావు.

కానీ ఆ మనుషులు ఎలాంటి ఏర్పాట్ల మధ్య తగ్గారో కూడా చూడాలి. ట్రయల్లో మందు ఉచితం. నాలుగు వారాలకోసారి ఒకరు కూర్చోబెట్టి మాట్లాడతారు, ఏం తిన్నారో, ఎంత నడిచారో అడుగుతారు. రోజుకు 500 కేలరీలు తగ్గించిన భోజనం, వారానికి 150 నిమిషాల వ్యాయామం అందరికీ ముందే రాసిపెట్టినవి. వాంతులైతే ఫోన్ చేయడానికి మనిషి ఉంటారు. స్టెప్-1లో షుగరు ఉన్నవాళ్లను అసలు చేర్చుకోలేదు. షుగరు ఉన్నవాళ్ల కోసం విడిగా జరిగిన స్టెప్-2లో అదే మందు అదే డోసులో ఇస్తే సగటు 9.6 శాతం దగ్గరే ఆగింది. మన ఇళ్లలో ఈ మందు వైపు చూసేవాళ్లలో చాలామందికి షుగరు అప్పటికే ఉంటుంది. పక్కింటావిడకు, మీకు ఒకే మందు వేరుగా పని చేస్తే దిగులు పడకండి. షుగరు ఉన్న ఒంట్లో బరువు నెమ్మదిగా కరుగుతుంది, అంతే.

ఇక మామూలు మనుషులు, మామూలు ఆసుపత్రుల సంగతి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు తమ దగ్గర సెమాగ్లూటైడో, టిర్జెపటైడో మొదలుపెట్టిన 7,881 మంది రికార్డులు తీసి చూశారు. 2025లో ఆ లెక్క బయటికి వచ్చింది. ఏడాదికి సగటున తగ్గింది 8.7 శాతం. ట్రయల్ అంకెల్లో దాదాపు సగం. ఇక్కడితో ఆగిపోతే మందు గొప్ప అంతా కాగితం మీదే అనిపిస్తుంది. ఆ సగటును విప్పి చూస్తే మాత్రం లోపల మూడు రకాల మనుషులు కనిపిస్తారు. మూడు నెలల లోపే మానేసినవాళ్లు 3.6 శాతం తగ్గారు. మూడు నెలల తర్వాత, ఏడాది లోపు మానేసినవాళ్లు 6.8 శాతం. మానకుండా వాడినవాళ్లు 11.9 శాతం. ఇంకా లోపలికి వెళ్తే, ఆ మొత్తంలో నూటికి ఎనభై మందికి పైగా చిన్న డోసుల దగ్గరే ఉండిపోయారు. మానకుండా, పెద్ద డోసు దాకా వెళ్లినవాళ్లు సెమాగ్లూటైడ్‌తో 13.7, టిర్జెపటైడ్‌తో 18 శాతం తగ్గారు. ఆ అంకెలు ట్రయల్ అంకెల పక్కన నిలబడగలవు.

అంటే ట్రయల్‌కూ ఇంటికీ మధ్య ఉన్న తేడాలో పెద్ద భాగం రెండు చోట్ల ఉంది: ఎంతకాలం వాడారు, ఏ డోసు దాకా వెళ్లారు. మనిషి ఎంత గట్టివాడు అన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. వదిన ఐదో నెలలో, రెండో మెట్టు డోసు మీద ఉండగా మానేసింది. ఆవిడకు వచ్చిన ఫలితం ఆ స్థితిలో ఉన్న చాలామందికి వచ్చేదే.

మానేసేవాళ్లు తక్కువేమీ కాదు. అమెరికాలో 1,25,474 మంది రికార్డులు చూసిన మరో అధ్యయనంలో, షుగరు లేకుండా బరువు కోసమే ఇవి మొదలుపెట్టినవాళ్లలో 64.8 శాతం మంది ఏడాది లోపు ఆపేశారు. షుగరు ఉన్నవాళ్లలో 46.5 శాతం మంది ఆపేశారు. ఖర్చు, వికారం, మందు దొరక్కపోవడం, తగ్గింది చాల్లే అనుకోవడం, ఇలా ఎవరి కారణం వాళ్లది.

మరి ఆపితే బరువు తిరిగి ఎందుకొస్తుంది? తిన్నాక మన పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను వస్తుంది. ఇక చాలు అని మెదడుకు చెప్పేది అదే, కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేసేదీ అదే. ఒంట్లో పుట్టిన హార్మోను నిమిషాల్లో కరిగిపోతుంది. మందు రూపంలో ఇచ్చినది వారం పాటు నిలబడుతుంది. టిర్జెపటైడ్ అయితే జీఐపీ అనే ఇంకో హార్మోను పని కూడా కలిపి చేస్తుంది. మందు ఉన్నన్నాళ్లు ఆకలి అణిగి ఉంటుంది. "ఫ్రిజ్‌లో మైసూర్‌పాక్ ఉందన్న సంగతే గుర్తురావట్లేదు" అని వదిన ఆశ్చర్యపోయిన రోజు నాకు గుర్తుంది. ఆవిడ నలభై ఏళ్లుగా మనసులో పోట్లాడుతున్న పోట్లాట ఆ రెండో నెలలో ఆగింది. మందు ఆగగానే ఆ ఆకలి తిరిగొచ్చింది. పైగా బరువు తగ్గిన ఒళ్లు ఆ తగ్గుదలను కరువుగా లెక్కేసుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చు చేసే శక్తి తగ్గిస్తుంది. స్టెప్-1 తర్వాత మందు ఆపేసిన వాళ్లను ఇంకో ఏడాది గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. ట్రయల్లో అంత క్రమశిక్షణలో ఉండి వచ్చినవాళ్లకే అలా జరిగింది.

బీపీ మాత్ర ఆపితే బీపీ పెరుగుతుంది. అప్పుడు ఎవరూ ఆ మనిషికి మనోబలం లేదనరు. థైరాయిడ్ మాత్ర మానితే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, మాత్ర మళ్లీ వేసుకోమంటారు. బరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనమందరం న్యాయమూర్తులమైపోతాం. అందరికంటే కఠినంగా మనల్ని మనమే శిక్షించుకుంటాం. ఈ పుస్తకంలో మరేది మర్చిపోయినా, ఆ శిక్ష అక్కర్లేదన్న సంగతి గుర్తుంచుకోండి.

ఇక చేయాల్సిన పనులు. డాక్టరు ఈ మందు రాస్తానన్నారనుకోండి. మొదటి ఇంజెక్షన్ కంటే ముందు ఒక కాగితం తీసి పదమూడో నెల గురించి రాయండి. ఏడాది తర్వాత కూడా ఈ ఖర్చు పెట్టగలనా? మన దేశంలో టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. నెలకు నాలుగు సీసాలు. మూడు నెలల తర్వాత బరువు కోసమే తయారైన సెమాగ్లూటైడ్, వెగోవీ పేరుతో వచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే దాని ధర బాగా తగ్గించారు. సెమాగ్లూటైడ్ పేటెంటు మన దేశంలో 2026 మార్చి దాకానే. ఆ గడువు కోసం హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ సహా పలు కంపెనీలు ముందునుంచీ సిద్ధమయ్యాయి. కాబట్టి మీరు ఇది చదివేనాటికి ధర వేరే ఉండొచ్చు. ఆ రోజు ధర మందుల షాపులో అడిగి, చిన్న డోసుకు కాదు, పెద్ద డోసుకు లెక్క వేయండి. సెమాగ్లూటైడ్ 0.25తో మొదలై నాలుగేసి వారాలకు ఒక మెట్టు ఎక్కుతూ 2.4 మిల్లీగ్రాముల దాకా వెళ్తుంది. మెట్టు పెరిగితే ధరా పెరుగుతుంది. పిల్లల ఫీజులు, ఇంటి లోను పక్కన ఈ అంకె రాసి చూసుకోండి. రెండేళ్లు మోయలేమనిపిస్తే ఆ మాట సిగ్గుపడకుండా డాక్టరుతో చెప్పండి. తక్కువ ఖర్చు దారి ఉంటే వాళ్లే చెబుతారు. మధ్యలో తెగిపోయే దారి కంటే చివరిదాకా నడవగలిగే దారి మంచిది.

అదే కాగితం వెనక పేజీలో డాక్టరుకు చెప్పాల్సినవి రాసుకోండి. షుగరుకు గ్లిమిపిరైడ్ లాంటి మాత్రో, ఇన్సులినో వాడుతుంటే తప్పనిసరిగా చెప్పాలి. తిండి తగ్గి పాత మాత్ర అలాగే నడిస్తే షుగరు పడిపోతుంది. వాటి డోసు ముందే తగ్గించాల్సి రావచ్చు. కుటుంబంలో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ మందులు వాడకూడదు. మామూలుగా మనం థైరాయిడ్ అనుకునేది వేరు, దాంతో కంగారు పడొద్దు. గతంలో క్లోమం వాచి ఆసుపత్రిలో ఉన్నా, పిత్తాశయంలో రాళ్లున్నా చెప్పాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు సెమాగ్లూటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టిన కొత్తలో, డోసు పెంచినప్పుడూ గర్భనిరోధక మాత్ర మీద మాత్రమే ఆధారపడకూడదు. ఆపరేషన్ ఏదైనా ఉంటే మత్తు డాక్టరుకు ఈ సంగతి చెప్పాలి. ఉదయం నుంచి ఏమీ తినకపోయినా కడుపులో ఆహారం మిగిలి ఉండొచ్చు.

పెద్దవాళ్లకు ఈ మందులంటే భయం ఉంటే కొట్టిపారేయకండి. ఆ భయానికి కారణం ఉంది. ఒకప్పుడు బరువుకు వాడిన సిబుట్రమిన్ మాత్ర గుండెకు చేటని తేలి 2011లో మన దేశంలో నిషేధించారు. ఈ కొత్త మందుల దారి వేరు. షుగరు లేని, గుండె జబ్బున్న 17,604 మంది మీద జరిగిన సెలెక్ట్ ట్రయల్లో సెమాగ్లూటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గించింది. మీ నాన్నగారికి ఆ అంకె చెప్పండి.

ఇప్పుడు కంచం దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికంటే దిగులు ఇక్కడే. వదినకు మొదటి నెల వికారం ఉండేది. పొద్దున పెసరట్టు సగం తినేసరికి చేయి ఆగిపోయేది. ఆ సగం కూడా అల్లప్పచ్చడితో తిని, ఉప్మా వదిలేసి, మధ్యాహ్నం నాలుగు ముద్దల మజ్జిగన్నంతో సరిపెట్టేది. ముల్లు దిగుతోందని అందరం సంతోషించాం. నాలుగో నెలలో మా మేడ మెట్లు ఎక్కలేక మధ్యలో రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయింది. తొడల్లో శక్తి లేదంది. తగ్గిన ఎనిమిది కిలోల్లో కొవ్వుతోపాటు కండ కూడా పోయింది. స్టెప్-1లో కొందరి ఒళ్లు స్కాన్ చేసి చూస్తే తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కానిదే. మందు మానితే తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వు. పోయిన కండ దానంతట అది రాదు.

అందుకే కడుపులో చోటు చిన్నదైనప్పుడు ఆ చోటు ముందు మాంసకృత్తులకు ఇవ్వండి. మన భోజనంలో ముందు అన్నం వస్తుంది, పప్పు దానికి తోడు. ఈ మందు మీద ఉన్నన్నాళ్లు ఆ వరస మార్చాలి. ముందు గుడ్డో, చేప ముక్కో, గిన్నెలో గట్టి పప్పో తినేయండి. మిగిలిన ఆకలికి అన్నం. గుడ్డులో దాదాపు ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, 30 గ్రాముల కందిపప్పులో ఏడు, వండిన 100 గ్రాముల చికెన్‌లో పాతిక పైన. మాంసం తిననివాళ్లకు మీల్‌మేకర్, పనీర్, పెరుగు, శనగలు ఉన్నాయి. మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు అవసరమని మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ లెక్క. బరువు తగ్గేటప్పుడు అంతకంటే ఎక్కువే కావాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడగకుండా పెంచొద్దు.

కండకు రెండో తిండి బరువు ఎత్తడం. జిమ్ అక్కర్లేదు. గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా పదిసార్లు లేవండి. రెండు లీటర్ల నీళ్ల సీసా చెరో చేతిలో పట్టుకుని భుజం దాకా ఎత్తండి. వారానికి మూడు రోజులు చాలు. నడక మంచిదే, కానీ నడక ఒక్కటే కండను కాపాడదు.

వికారం వస్తే భయపడి మానేయకండి. కొంచెం కొంచెం, నాలుగైదు సార్లు తినండి. నూనె వేపుళ్లు, ఫంక్షన్ బిర్యానీ డోసు పెరిగిన వారం వద్దు. కొసరి కొసరి వడ్డించే పెద్దవాళ్లకు "డాక్టరు మందు మీద ఉన్నానండీ, ఇవాళ్టికి ఇంతే" అని నెమ్మదిగా చెప్పేయండి. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూర. మెట్టు ఎక్కాక వికారం తగ్గకపోతే ఆ మెట్టు మీదే ఇంకో నెల ఉండొచ్చా అని అడగండి, డాక్టర్లు ఒప్పుకుంటారు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, ఆగని వాంతులు వస్తే మాత్రం ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మందు బిల్లు లేకుండా, ఫోన్‌లో ఎవరో పంపిస్తామంటే కొనొద్దు. నకిలీ సెమాగ్లూటైడ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థే 2024 జూన్‌లో హెచ్చరించింది. వాడకముందు ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం స్కూటర్ డిక్కీలో పెట్టుకుని ఇంటికి తెచ్చిన మందును నమ్మలేం. షాపుకు వెళ్లేటప్పుడు ఐస్ ప్యాక్ ఉన్న సంచి తీసుకెళ్లండి.

డబ్బు దగ్గర ఇబ్బంది వచ్చిందా, ప్రయాణమొచ్చిందా, ఆపాల్సిన పరిస్థితి ఏదైనా రానివ్వండి. ఆపే ముందు వారమే డాక్టరుకు ఫోన్ చేయండి. ఎంత డోసు మీద నిలబెట్టుకోవచ్చో, ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలో వాళ్లతో మాట్లాడుకోవాలి. కొన్ని వారాలు తప్పాక మళ్లీ పాత పెద్ద డోసుతోనే మొదలుపెట్టకండి. వాంతులతో నానా అవస్థ పడతారు.

ఇంకొక్క మాట. ముల్లు ఒక్కటే చూడకండి. క్లీవ్‌లాండ్ లెక్కల్లో ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లు 1,320 మంది. మందు మానకుండా వాడినవాళ్లలో 67.9 శాతం మందికి ఏడాదికి షుగరు మామూలు స్థాయికి వచ్చింది. మూడు నెలల లోపు మానినవాళ్లలో 33 శాతానికే. మనవాళ్లకు కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది కాబట్టి నెలకోసారి టేపుతో నడుము కొలవండి. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి. బరువు నాలుగు కిలోల దగ్గర ఆగిపోయినా, నడుము, బీపీ, మూడు నెలల షుగరు తగ్గుతుంటే మందు పని చేస్తున్నట్టే.

వదిన మొన్న సంక్రాంతి వెళ్లాక మళ్లీ మొదలుపెట్టింది, మొదటి మెట్టు నుంచే. ఈసారి అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని రెండేళ్ల లెక్క రాసింది. అమ్మాయి ఫీజు తేదీలు ఎర్ర ఇంకుతో ఆ కాగితం మీదే ఉన్నాయి. పొద్దున గుడ్లు ఉడికాకే పెసరట్టు పెనం మీద పడుతోంది. కుర్చీలోంచి లేవడం పదిహేను సార్లకు వచ్చింది. పోయిన వారం ఆకుపచ్చ జాకెట్టు టైలరుకు ఇస్తుంటే నేనూ ఉన్నాను.

"మళ్లీ లోపల కుట్టేయమంటారామ్మా? ఈసారి మిగిలిన గుడ్డ కోసేస్తే నున్నగా ఉంటుంది" అన్నాడతను.

"కుట్టెయ్యి నాయనా. గుడ్డ మాత్రం ఉండనీ" అంది వదిన.